కొలవని పన్నెండు

జ్ఞానేంద్ర నాయుడు మంచు మీద సరదాకి ఒక్కసారి కూడా జారలేదు. బస్టాపు దగ్గర కాలు జారి రెండుసార్లు పడ్డాడు గానీ అది సరదా కింద లెక్క కాదు. అలాంటి మనిషి ముప్పై ఆరేళ్లుగా నార్త్ వాంకూవర్‌లో కొండ దిగువన ఉన్న ఒక షాపులో కూర్చుని, మంచు మీద కార్లతో పోటీపడే వేగంతో దూసుకుపోయేవాళ్లకి బూట్లు అమర్చి పంపిస్తున్నాడు. ఈత రానివాడు పడవలు కట్టినట్టన్నమాట. అయితే ఆయన కట్టిన పడవ ఒక్కటీ మునగలేదని ఆ చుట్టుపక్కల పేరు. మొన్న నవంబరు దాకా ఆ పేరు నిజమే.

స్నోబోర్డు మీద ఎక్కేవాళ్లు నూటికి తొంభై తొమ్మిది మంది మెత్తటి బూట్లే వేసుకుంటారు. మిగిలిన ఆ ఒక్కడు వేరే రకం. సన్నటి పొడుగాటి బోర్డుని అంచు మీద నిలబెట్టి, చెయ్యి మంచుకు రాసుకునేంతగా ఒరిగి, కొండ మీద గీతలు గీసుకుంటూ దిగుతాడు. వాడికి హార్డ్ బూట్లు కావాలి. పైన గట్టి ప్లాస్టిక్ షెల్, లోపల మందపాటి లైనర్, బిగించడానికి నాలుగు బకిల్స్. వాటిలో పాదం ఇసుమంత కదిలినా బోర్డు మాట వినదు. ఆ ఒక్కడి కోసమే షాపులో వెనక మూల ఒక బెంచీ, ఒక పొట్టి స్టూలు, ఒక కుర్చీ ఉన్నాయి. కుర్చీ కొనేవాడికి, స్టూలు జ్ఞానేంద్రకి.

ఆయన పద్ధతి ఇది. ముందు మేజోళ్లు విప్పించి పాదం కొలుస్తాడు. మడమ పట్టుకుని చూస్తాడు, పాదం వంపు బొటనవేలితో నొక్కి చూస్తాడు, చీలమండ చుట్టూ తడిమి చూస్తాడు. తర్వాత బూటులోంచి లైనర్ బయటికి లాగి, ఉత్త షెల్‌లో పాదం పెట్టించి, వేళ్లు ముందు గోడకి తగిలేదాకా జరపమంటాడు. అప్పుడు మడమ వెనక మిగిలిన సందులో మొన సన్నంగా, పైకి మందంగా, గీతలున్న కొలత కర్ర ఒకటి దూర్చి ఎన్ని మిల్లీమీటర్లుందో చూస్తాడు. దాన్ని షెల్ గ్యాప్ అంటారు. పది నించి పదిహేను మధ్య ఉంటే బూటు సరైనది. ఇరవై దాటితే కొనేవాడు ఎంత బతిమాలినా ఇవ్వడు.

ఆ కొలత కర్రలు మూడు ఆయనకి ఇచ్చింది డగ్లస్. షాపు పెట్టినవాడు, ఈ పని నేర్పినవాడు, పోయి పదేళ్లయింది. "షాపులో హాయిగా ఉన్న బూటు కొండ మీద పగవాడు, జ్ఞాన్" అనేవాడు డగ్లస్. కొత్తగా వచ్చేవాడు ఎప్పుడూ హాయిగా ఉన్నదే అడుగుతాడు. ఇవ్వకపోవడమే ఈ పనిలో అసలు పని.

అమ్మిన ప్రతి జతకీ ఒక కార్డు రాయాలన్నది కూడా డగ్లస్ పెట్టిన నియమమే. పేరు, పాదం పొడుగు, షెల్ సైజు, గ్యాప్, కింద అమర్చినవాడి సంతకం. బెంచీ పక్కన చెక్క సొరుగుల్లో ముప్పై ఆరేళ్ల కార్డులున్నాయి. ఎవరైనా బూటు నొప్పెడుతోందని వస్తే ఇప్పుడు షాపు నడుపుతున్న డగ్లస్ కూతురు హెదర్ మొదట ఆ కార్డు తీస్తుంది. కింద జ్ఞానేంద్ర సంతకముంటే బూటు సంగతి పక్కన పెట్టి, కాలి సంగతి అడుగుతుంది. ఆ సంతకం పక్కనున్న అంకెను ఇన్నేళ్లలో ఎవరూ రెండోసారి కొలిచి చూడలేదు.

ఇంత పేరున్న మనిషికి తన పనంటే లోపల్లోపల సిగ్గు. ఇది ఎవరికీ తెలియదు, తెలిసినా నమ్మరు.

ఆయన పుట్టింది ఫిజీలో, రాకిరాకి దగ్గర చెరుకుతోటల్లో. తాత విశాఖపట్నం దిక్కు నించి ఓడెక్కి కూలికి వచ్చినవాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే చివరి మనిషి అవ్వ. ఆమె ఒళ్లో కూర్చుని నేర్చిన నాలుగు మాటలే జ్ఞానేంద్ర తెలుగు. అవ్వ దగ్గర మాటలతో పాటు ఇంకోటి కూడా నేర్చాడు. కాలు ఎవరికైనా తగిలితే వెంటనే తాకి కళ్లకద్దుకోవాలి. పెద్దవాళ్ల కాళ్లు పిల్లలు పట్టుకోవాలి, పిల్లల కాళ్లు పెద్దవాళ్లు పట్టుకోకూడదు, ఆయుక్షీణం. ఇన్ని నేర్పిన అవ్వ, మనవడు సముద్రం దాటి పోయి ముక్కూమొహం తెలియని కుర్రకారు పాదాలు ఒళ్లో పెట్టుకుని బతుకుతాడని ఎరగదు. ఎరక్కుండానే పోయింది, అదే మేలైంది అనుకునేవాడు.

వాంకూవర్ పక్కనున్న సర్రేలో మనవాళ్ల పిక్నిక్‌లలో ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే "స్పోర్ట్స్ లైన్" అనేవాడు. పక్కనే భార్య చంద్రవతి, ఆమెదీ ఫిజీలో తెలుగిల్లే, "పెద్ద పోస్టేలెండి" అని పులిహోర వడ్డించేది. ఇంటికొచ్చాక మాత్రం మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటే గానీ దేవుడి గూటి దగ్గరికి రానిచ్చేది కాదు. ముప్పై ఏళ్లుగా అదే వరస. ఆయన ఒక్కరోజు కూడా ఎదురు చెప్పలేదు.

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం ఒక కుర్రవాడు ఫోన్‌లో మాట్లాడుకుంటూ బెంచీ దగ్గరికి వచ్చాడు. "బూట్లు కొననీకి వచ్చిన అమ్మా, మల్ల చేస్త" అని ఫోన్ పెట్టేశాడు. జ్ఞానేంద్ర చేతిలో ఉన్న లైనర్ చేతిలోనే ఉండిపోయింది. ఆ బెంచీ దగ్గర ఆయన తెలుగు వినడం అదే మొదలు.

"నువ్వు తెలుగువాడివా నాయనా?"

కుర్రవాడు ఉలిక్కిపడి చూశాడు. "మీరు తెలుగా అంకుల్?"

పేరు ప్రణీత్. ఊరు కరీంనగర్ దగ్గర. చదువైపోయి వాంకూవర్‌లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్లుగా మెత్తటి బూట్లతో బోర్డు నేర్చుకుని, ఆఫీసులో ఒకతను అంచు మీద గీతలు గీస్తూ దిగడం చూసి, తనకీ ఆ పిచ్చి పట్టి వచ్చాడు. జ్ఞానేంద్ర అవ్వ గురించి చెప్పాడు, ఓడ గురించి చెప్పాడు. మాటలకి తడుముకుంటుంటే కుర్రవాడు అందిస్తున్నాడు. "మీరు మాట్లాడుతుంటే మా నాయనమ్మ మాట్లాడినట్టే ఉంది అంకుల్. మనిషేమో అచ్చం మా పెద్దబాపు లెక్కనే ఉన్నరు" అని నవ్వాడు. పెద్దబాపు అంటే పెదనాన్న అని వాడే చెప్పాడు.

ఆ తర్వాత జ్ఞానేంద్ర అలవాటుగా స్టూలు లాక్కుని కూర్చుని, వాడి కాలి కోసం చెయ్యి చాచాడు.

కుర్రవాడు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "అయ్యో, లేవండి లేవండి! మీరు నా కాళ్లు ముట్టుకునుడేంది? మా అమ్మ వింటే నన్ను చంపుతది."

"ఇది నా పని నాయనా."

"ఎవరికన్నా చెయ్యండి, నాకు వద్దు. మీరు చెప్పండి, నేను చేసుకుంట."

అని ఊరుకోలేదు. ఆయన భుజాలు పట్టుకుని లేపి, తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను ఆ పొట్టి స్టూలు మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు.

జ్ఞానేంద్ర కూర్చున్నాడు. ఇక్కడే ఆయన చెడ్డాడు. ముప్పై ఆరేళ్లలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే తొలిసారి. అక్కణ్నించి చూస్తే షాపు వేరేగా ఉంది. కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. ఎదురుగా, కింద, ఒక పిల్లవాడు తన మాట కోసం తలెత్తి చూస్తున్నాడు. పెదనాన్న అయిపోయాడు ఆయన. ఆ పెద్దరికం ఎంత బాగుందంటే, లేచి మళ్లీ స్టూలు మీదికి దిగాలంటే ఒళ్లు వంగలేదు.

కుర్రవాడు రెండు జతల ఉన్ని మేజోళ్లు వేసుకొచ్చాడు. ఒక్క పల్చటి జతే ఉండాలని జ్ఞానేంద్రకి తెలుసు. విప్పమంటే వాడు మొహమాటపడతాడేమోనని అనలేదు. తన బూటు సైజు పది అన్నాడు. మామూలు బూట్లు వదులుగా కొనుక్కునే అలవాటు మనవాళ్లందరిదీ, పాదం అంత ఉండదని చూడగానే తెలిసింది. అయినా వాడు అడిగిన ఇరవై ఎనిమిది నంబరు షెల్ తీసి ఇచ్చాడు. కుర్రవాడే లైనర్ లాగి, పాదం పెట్టి, మడమ వెనక తన వేళ్లు తానే దూర్చుకున్నాడు. "రెండు వేళ్లు పట్టినయి పెద్దబాపు, ఓకేనా?" పట్టింది రెండు కాదు. ఆ వేళ్ల పక్కన ఇంకా వెలుతురు కనిపిస్తోంది. కుర్చీలోంచే కనిపించింది.

"నొప్పిగా లేదుగా?" అన్నాడు జ్ఞానేంద్ర.

"అస్సలు లేదు. మస్తు కంఫర్టబుల్‌గా ఉంది."

డగ్లస్ మాట చెవిలో మోగింది. మోగనిచ్చి ఊరుకున్నాడు. కార్డు తీసి పేరు రాశాడు, సైజు రాశాడు, గ్యాప్ అన్నచోట పన్నెండు అని రాశాడు. కొలిచిన చేతికి పన్నెండు రాయడం ఎంత అలవాటో, కొలవని రోజున కూడా ఆ అంకే వచ్చి కూర్చుంది. కింద సంతకం పెట్టాడు. కుర్రవాడు వెళ్తూ వెళ్తూ వంగి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాడు. జ్ఞానేంద్ర దీవించాడు.

ఆ సాయంత్రం ఇంట్లో చంద్రవతికి కుర్రవాడి గురించి మూడుసార్లు చెప్పాడు. బూటు గురించి చెప్పలేదు.

జనవరి రెండో వారంలో ప్రణీత్ చంకల కింద కర్రలతో షాపులోకి వచ్చాడు. ఎడమ కాలికి మోకాలి దాకా కట్టు. బోర్డు మీద ముందుకి ఒరిగి మలుపు తిప్పుతుంటే బూటులో మడమ పైకి లేచిందట. బోర్డు అంచు వదిలేసింది. బూటు ఒకవైపు, లోపల పాదం ఒకవైపు తిరిగి, చీలమండ దగ్గర ఎముక విరిగింది. బూట్లు సంచిలో పట్టుకొచ్చాడు, లోపల ఇంకేమైనా మెత్తలు పెట్టి బిగువు చెయ్యొచ్చేమో పెద్దబాపుని అడుగుదామని. ఇవన్నీ తర్వాత తెలిసినవి. ఆ రోజు వాడికి ముందు ఎదురుపడింది హెదర్.

కర్రలు చూసి, సంచి చూసి, ఆమె మొహం మారింది. పేరడిగి, సొరుగు తీసి కార్డు లాగింది. బెంచీ దగ్గర జ్ఞానేంద్ర లేచి నిలబడ్డాడు, అడుగు ముందుకి పడలేదు.

"గ్యాప్ పన్నెండు, జ్ఞాన్ సంతకం" అంది హెదర్. "అమరికలో తప్పు లేదు. షెల్‌లోనే ఏదైనా లోపం ఉండాలి. నేను కంపెనీకి రాస్తాను."

ప్రణీత్ ఆ కార్డు చూశాడు. తలెత్తి జ్ఞానేంద్రని చూశాడు. వాడు మంచి తెలివైనవాడు, విషయమంతా ఆ ఒక్క చూపులో తెలిసిపోయింది.

"కంపెనీకి వద్దు" అన్నాడు ఇంగ్లీషులో. "బూట్లు బాగానే ఉన్నాయి. నేనే పై రెండు బకిల్స్ బిగించుకోలేదు. ఆయన జాగ్రత్తగా చెప్పారు, నేనే వినలేదు."

తర్వాత కర్రల మీద నెమ్మదిగా బెంచీ దాకా వచ్చి, గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు. "ఏం టెన్షన్ పడకండి పెద్దబాపు. నేను మేనేజ్ చేసిన."

"ఏమంటున్నాడు?" అని అడిగింది హెదర్.

ఇన్నేళ్లుగా ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే బాగుండునని జ్ఞానేంద్ర అనుకునేవాడు, నా భాష నాకొకటుందని చూపించుకోవడానికి. ఇప్పుడు అడిగింది. "తొందరగానే నయమైపోతుందంటున్నాడు" అని చెప్పాడు. అవ్వ నేర్పిన తెలుగు ఆయనకి ముప్పై ఆరేళ్ల తర్వాత షాపులో పనికొచ్చింది దీనికి.

కుర్రవాడు కర్రల మీద తలుపు దాటి, వానలో బస్టాపు దాకా వెళ్లడం కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. కాళ్లు పట్టుకోవద్దన్న పిల్లవాడు ఆయన పరువు పట్టుకుని నిలబెట్టి వెళ్లాడు. జ్ఞానేంద్రకి ఎక్కడికైనా పోయి మొహం దాచుకోవాలనిపించింది. పోలేదు. ఇంకో కస్టమర్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

మర్నాడు హెదర్ ఆ కార్డుని, పనివాళ్లు టీ తాగే గదిలో బోర్డు మీద గుచ్చింది. పక్కన ఎర్ర ఇంకుతో రాసింది: "అమరిక సరిగ్గా ఉంది. బకిల్స్ వదిలేసినందువల్ల దెబ్బ. ప్రతి కస్టమర్‌కీ బకిల్స్ గురించి చెప్పండి." ఆమె ఐదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు మొదటి బూట్లు అమర్చింది జ్ఞానేంద్రే. ఆయన చేతి అంకె అంటే ఆమెకి తండ్రి మాట ఎంతో అంత.

ఆ రోజు నించి ఆయన టీ గదిలో కాలు పెట్టలేదు. వెనక తలుపు బయట చూరు కింద నిలబడి తాగేవాడు. అయినా ఆ పన్నెండు కళ్లముందే ఉండేది. ఒక్కో పాదం మూడేసిసార్లు కొలిచేవాడు. ఒకామె "మీ గురించి మా క్లబ్బులో అందరూ చెబుతారు, మీ కొలతంటే కొలతేనట" అంది. ఆయన వంగి ఆమె పాదం మళ్లీ కొలవడం మొదలుపెట్టాడు. పొగడ్త కూడా చెంపదెబ్బలా తగులుతుందని ఆయనకి అంతవరకూ తెలియదు.

కుర్రవాడికి ఫోన్ చెయ్యాలని రోజూ అనుకునేవాడు. ఏం చెప్పాలి? క్షమించమంటే వాడు "అయ్యో పెద్దబాపు" అంటాడు. ఆ మాట వినడానికే భయం.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఇంట్లో బేసిన్ దగ్గర చేతులు కడుగుతూ ఉండిపోయాడు. చంద్రవతి దీపం వెలిగించి, పాట అయిపోయి, వచ్చి చూస్తే ఇంకా కడుగుతున్నాడు. మోచేతులు ఎర్రబడ్డాయి.

"తోలు ఊడొస్తాది, ఇక చాలు" అని ఆమె కుళాయి కట్టేసింది.

"పోవట్లేదు చంద్రా" అన్నాడు.

అక్కడే నిలబడి మొత్తం చెప్పాడు. కుర్చీ గురించి, వెలుతురు గురించి, పన్నెండు గురించి, హెదర్‌కి తప్పు చెప్పిన సంగతి గురించి. సగం తెలుగులో, సగం వాళ్ల ఫిజీ హిందీలో. అంతా అయ్యాక తువ్వాలు తీసుకుని ఆయన చేతులు తానే తుడిచింది.

"ఆ పిల్లోడు నిన్ను పెద్దవాణ్ని చేసి కూచోబెట్టాడు. కూచున్నావు. పెద్దవాడన్నాక వద్దన్నా కాలు పట్టుకు చూడాల కదా. పిల్లోడి కాల్లో ముల్లు దిగితే చూడవా?" అంది. తువ్వాలు ఆరేస్తూ, "ఇన్నేళ్లు కడుక్కో కడుక్కో అని చంపింది నేనే. నీ చెయ్యి నీకే అంటు చేశాను. నాకూ సిగ్గుగానే ఉంది" అంది.

మర్నాడు పొద్దున ఫోన్ చేశాడు. "నాయనా, కట్టు విప్పారా? శనివారం ఆ బూట్లు పట్టుకుని షాపుకి రా."

శనివారం షాపు కిటకిటలాడుతోంది. ఖాళీ రోజు చూసుకుని చెప్పొచ్చు. అలా చెబితే అది ఇంకో దొంగతనం అవుతుందని ఆయనకి అనిపించింది. ప్రణీత్ కొద్దిగా కుంటుతూ రాగానే, జ్ఞానేంద్ర టీ గదిలోకి వెళ్లి, బోర్డు మీది కార్డు పీకి, తీసుకొచ్చి కౌంటరు మీద హెదర్ ముందు పెట్టాడు.

"హెదర్, ఈ పన్నెండు నేను కొలవలేదు."

"అంటే?"

"కొలవకుండా రాశాను. బూటు చాలా పెద్దది. అమ్మేటప్పుడే నాకు తెలుసు. బకిల్స్ సంగతి అబద్ధం, నన్ను కాపాడటానికి చెప్పాడు. ఆ రోజు తెలుగులో నాతో అన్నదీ అదే. నీకు నేను వేరేగా చెప్పాను."

కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్లు ఇటు తిరిగారు. ప్రణీత్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "ఎందుకు పెద్దబాపు, అయిపోయింది కదా. నేనే కదా మిమ్మల్ని చూడనియ్యలే. నాది కూడా తప్పే ఉంది."

"నీకు తెలీదు. నాకు తెలుసు" అన్నాడు జ్ఞానేంద్ర. వాడు చెయ్యి వదిలేశాడు.

హెదర్ కార్డు వంక చూసింది. అరుస్తుందేమో అనుకున్నాడు. అరిచినా బాగుండును. ఆమె తల తిప్పి బెంచీ పక్కనున్న సొరుగుల వైపు చూసింది. వరసగా, పైనించి కిందదాకా, ముప్పై ఆరేళ్లు.

"ఇంకా ఎన్ని, జ్ఞాన్?" అని నెమ్మదిగా అడిగింది.

దీనికి ఆయన సిద్ధపడి రాలేదు. ఉద్యోగం పోతుందని సిద్ధపడ్డాడు, మాట పడటానికి సిద్ధపడ్డాడు. ఈ ప్రశ్న ఉంటుందని తట్టనేలేదు.

"ఇదొక్కటే" అన్నాడు.

హెదర్ తల ఊపింది. కళ్లు మాత్రం సొరుగుల మీదే ఉన్నాయి. ఒక్కటే అన్నది నిజం. ఆ నిజాన్ని నమ్మించడానికి ఆయన దగ్గర తన మాట తప్ప ఇంకేమీ లేదు, ఆ మాట ఇప్పుడే కౌంటరు మీద పడి ఉంది. ఇంతకు మించిన సిగ్గు ఆయన ఎరగడు.

"ముందు అతనికి సరైన బూట్లు చూడు" అంది ఆమె చివరికి.

జ్ఞానేంద్ర వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. ప్రణీత్ కుర్చీ దగ్గర నిలబడి తటపటాయించాడు. "నేనే చేసుకుంట పెద్దబాపు, మీరు చెప్పండి చాలు."

"కూర్చో" అన్నాడు జ్ఞానేంద్ర. "ఇన్నేళ్లలో ఇక్కడ ఎన్ని పాదాలు పట్టుకున్నానో నాకే తెలీదు. మర్యాద చెయ్యకుండా పంపింది నీ పాదం ఒక్కటే. ఇయ్యాల కాదనకు నాయనా."

కుర్రవాడు కూర్చున్నాడు. మొహం కందిపోయింది. రెండు చేతులూ కుర్చీ అంచులు పట్టుకున్నాయి. జ్ఞానేంద్ర మేజోడు తనే విప్పాడు. విరిగిన కాలు జాగ్రత్తగా, అరచేతిలో మడమ పెట్టుకుని, ఒళ్లోకి తీసుకున్నాడు. చీలమండ ఇంకా కొంచెం వాచి ఉంది. బొటనవేలితో చుట్టూ తడిమాడు, నొప్పి ఎక్కడుందో వాడి మొహం చూసి తెలుసుకున్నాడు. పాదం పొడుగు ఇరవై ఆరు సెంటీమీటర్ల మూడు మిల్లీమీటర్లు. దాన్ని అలా పట్టుకుని ఉంటే కళ్లు నిండాయి. తల ఎత్తకుండా పని చేశాడు.

ముందు పాత బూటే తీశాడు. నొప్పి లేని కుడికాలు షెల్‌లో పెట్టించి, కర్ర దూర్చాడు. ఒకటి చాలలేదు. రెండోది కూడా కలిపి పెడితే సరిపోయింది. ముప్పై ఒకటి. కార్డు మీద పన్నెండు కొట్టేసి, పక్కన ముప్పై ఒకటి అని రాసి, తేదీ వేసి, మళ్లీ సంతకం పెట్టాడు.

తర్వాత ఇరవై ఆరు నంబరు షెల్ తెచ్చాడు. పాదం దూరేటప్పుడు కుర్రవాడు పళ్లు బిగించాడు. "మస్తు టైట్ ఉంది పెద్దబాపు."

"ఉండాల. లైనర్ వేడి చేసి నీ పాదానికి అచ్చు పోస్తాను. ఎడమ కాలికి వాపు పోయాక ఇంకోసారి రా. అప్పటిదాకా కొండెక్కకు. ఇది మాత్రం పెద్దబాపు చెప్పే మాటే."

"సరే" అన్నాడు ప్రణీత్.

మడమ వెనక కర్ర పెట్టాడు. పన్నెండు. ఈసారి నిజంగా పన్నెండు. కొత్త కార్డు తీసుకుని ఆ అంకె వెయ్యబోతుంటే పక్కన నీడ పడింది. హెదర్ వచ్చి నిలబడి ఉంది. తాను కూడా కొలిచి చూస్తానని అడగడానికి ఆమెకి నోరు రావడం లేదని, ఐదేళ్ల పిల్లప్పటి నించి చూసిన మనిషి గనక, ఆయనకి అర్థమైంది.

జ్ఞానేంద్ర స్టూలు మీంచి లేచి, డగ్లస్ చేసిచ్చిన కర్రని ఆమె చేతిలో పెట్టాడు.

హెదర్ స్టూలు మీద కూర్చుని, వంగి, మడమ వెనక కర్ర దూర్చి చూసింది. చాలా జాగ్రత్తగా చూసింది. "పన్నెండు" అంది.

ఆయన కార్డు మీద పన్నెండు అని రాసి, సంతకం పెట్టి, ఆమె సంతకానికి చోటు వదిలి పెన్ను అందించాడు.